నాలుగో నిమిషంలో ఆగిన ఊపిరి

నూట పన్నెండో రోజు ఉదయం ఆరున్నర. చీరాలలో ఒక మేడమీది గదిలో సువర్చల చాప వేసుకుని, గోడకి వీపు ఆనించి కూర్చుంది. ఆమె ఎడమ అరచేతిలో మెత్తటి రబ్బరు బిళ్ల ఒకటి ఉంది. అది మెల్లగా ఉబ్బుతోంది, మెల్లగా దిగుతోంది. విశాఖపట్నంలో డాక్టర్ నీరజాక్షి ఊపిరి పీలిస్తే ఇక్కడ బిళ్ల ఉబ్బుతుంది. ఆమె వదిలితే దిగుతుంది.

నాలుగో నిమిషం మధ్యలో బిళ్ల ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఉబ్బింది. సువర్చల కళ్లు తెరిచింది. నిన్నా అక్కడే ఆగింది. మొన్నా అక్కడే.

ఈ యంత్రం గురించి కొంచెం చెప్పాలి. ధ్యానం నేర్పే ఆన్‌లైన్ క్లాసులు అప్పటికే వీధికొకటి ఉన్నాయి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చాలామంది వాటిలో నాలుగు రోజులకి మించి నిలవలేకపోయేవారు. తెరమీద పది ముఖాలు ఒకేసారి కదులుతుంటే వాళ్లకి తల దిమ్మెక్కేది. ఎవరింట్లోనో కుక్కర్ కూత, ఎవరింట్లోనో ఫ్యాన్ గరగర. "ప్రశాంతమైన నదిని ఊహించుకోండి" అంటే, ఏ నది అన్న దగ్గరే ఆగిపోయేవారు. నీరజాక్షి ఇరవయ్యేళ్లుగా వాళ్ల మధ్య పనిచేస్తున్న సైకాలజిస్ట్. వాళ్లకి మనుషులతో పనిలేదన్న మాట ఆమె ఎన్నడూ నమ్మలేదు. ముఖాన్నీ గొంతునీ తీసేస్తే మనిషిలో ఇంకా ఏం మిగులుతుందని ఆలోచించి, ఒక ఇంజనీరింగ్ ల్యాబ్ చేత ఈ ఊపిరి బిళ్ల తయారు చేయించింది.

ఛాతీకి కట్టుకునే సన్నటి బెల్టులో సెన్సర్ ఉంటుంది. అది ఊపిరిని కొలిచి, ఇంటర్నెట్ మీదుగా మిగతావాళ్ల బిళ్లలకి పంపుతుంది. గ్రూపుని నడిపే గైడ్ నీరజాక్షే; ఆమె ఊపిరి బిళ్ల నడుమ తెలుస్తుంది. మిగతా సభ్యులది అంచుల్లో, సన్నగా. కెమెరా ఉండదు, మాట ఉండదు. ఇరవై నిమిషాలయ్యాక చెప్పేది ఉన్నవాళ్లు టైపు చేస్తారు, లేనివాళ్లు వెళ్లిపోతారు. వెళ్లేముందు నమస్కారం పెట్టనవసరం కూడా లేదు.

ఒక్క నియమం మాత్రం కఠినం. గైడ్ ఊపిరి బాగా చెదిరితే యంత్రం ఆ రోజు సెషన్ ఆపేస్తుంది. ఒకరి ఆందోళన ఎనిమిది మందికి అంటుకోకూడదని నీరజాక్షే పట్టుబట్టి పెట్టించిన నియమం అది.

సువర్చలకి ముప్పై తొమ్మిదేళ్లు. చేనేత సంఘంలో చీరల అంచులకి డిజైన్లు గీసేది. సంఘం ఆఫీసుని పెద్ద హాల్లోకి మార్చి అందర్నీ ఒకేచోట కూర్చోబెట్టాక, ఆ సందడి తట్టుకోలేక మానేసింది. తర్వాత పద్నాలుగు నెలలు గది దాటలేదు. అన్నం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేది వదిన నాగరత్నం. ఊపిరి బిళ్ల వచ్చిన నలభయ్యో రోజున సువర్చల తనే వంటింట్లోకి వచ్చి, "ఇవాళ ఇక్కడ తింటాను" అంది. నాగరత్నం పీట వాల్చి, వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ వదినతోనే ఇప్పుడు సువర్చల చెప్పింది.

"వదినా, డాక్టర్ గారి ఊపిరి రిపీట్ అవుతోంది."

"అంటే?"

"చీర అంచు మీద ఒక పువ్వు గీస్తే, అదే పువ్వు మళ్లీ మళ్లీ వస్తుంది కదా. అలా. నాలుగో నిమిషంలో ఒకచోట ఆగుతుంది, పదకొండులో రెండు చిన్నవి వస్తాయి, పదహారులో ఒక పొడుగుది. పంతొమ్మిది రోజుల నుంచీ అంతే. ఏ మనిషీ అలా పీల్చలేడు."

నాగరత్నం చేతిలోని చిక్కుడుకాయ కిందపెట్టింది. "అయితే ఏమంటావు?"

"ఆవిడ అక్కడ లేరు. రికార్డింగ్ వస్తోంది."

"చూడమ్మా, పెద్ద డాక్టర్ గారు. ఏ పని మీద ఉన్నారో. నువ్వు అడిగితే ఆవిడకి తలవంపులు. రేపు ఆ గ్రూపే ఎత్తేశారనుకో, నీ సంగతేంటి?"

గ్రూపు లేకపోతే ఏమవుతుందో సువర్చలకి బాగా తెలుసు. గది తెలుసు, గుమ్మం దగ్గర పళ్లెం తెలుసు.

"అడగకపోతే, ఆవిడ ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు కదా" అంది.

మర్నాడు సెషన్ అయ్యాక ఆమె టైపు చేసింది. "మేడమ్, ఇరవై రోజులుగా మీ ఊపిరి ఒకటే. మీరు ఉన్నారా?"

ఎవరూ వెళ్లిపోలేదు. ఎనిమిది నిమిషాల తర్వాత జవాబు వచ్చింది.

"లేను. నన్ను క్షమించండి. పోయిన నెల మా అక్క చనిపోయింది. నన్ను పెంచింది ఆవిడే, ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. తిరిగి వచ్చి కూర్చుంటే నాలుగు ఊపిర్లు కూడా సరిగ్గా తీయలేకపోయాను. యంత్రం ఆపేస్తుందని, మీకు ఉదయాలు పోతాయని, పాత రికార్డింగ్ పెట్టాను. పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. యంత్రం లెక్క ప్రకారం ఈ ఇరవై రోజులూ మన గ్రూపు ఎప్పుడూ లేనంత ప్రశాంతంగా ఉంది."

ఆ ఆఖరి వాక్యం నిజమే. రికార్డింగ్‌కి ఎప్పుడూ దిగులు కలగదు కనుక, యంత్రం దానికి నూటికి తొంభై ఎనిమిది మార్కులు వేసింది.

కర్నూలు నుంచి దయాకర్ అనే సభ్యుడు అడిగాడు. అతను రైల్వేలో సిగ్నల్ డ్రాయింగులు సరిచూసే ఉద్యోగి, అబద్ధం వింటే ఒంటికి జ్వరం వచ్చినట్టయ్యే మనిషి. "అయితే ఇరవై రోజులు నేను ఎవరితో కూర్చున్నాను?"

"మిగతా ఏడుగురితో."

"మీతో కూర్చున్నాననుకున్నాను. మీరు చెప్పి ఉండాల్సింది." అతని పేరు జాబితాలోంచి మాయమైంది.

సువర్చల మళ్లీ టైపు చేసింది.

"రేపు మీ అసలు ఊపిరి పంపండి."

"అది మీకు బాధ కలిగిస్తుంది సువర్చల గారూ."

"బాధ కలిగితే బిళ్ల పక్కన పెడతాను. అది నా చేతిలోనే ఉంది కదా."

ఇరవయ్యేళ్ల అనుభవంలో నీరజాక్షికి ఇంత సులువైన సంగతి తట్టలేదు. వాళ్లని దేన్నుంచి కాపాడాలో తను నిర్ణయించింది. వాళ్లు చెయ్యి తీసేయగలరని మాత్రం అనుకోలేదు.

మర్నాడు ఆమె బెల్టు కట్టుకుని నిజంగా కూర్చుంది. సువర్చల చేతిలో బిళ్ల చిన్నగా, తొందరగా కొట్టుకుంది. ఆగింది. ఎవరో వెనక్కి లాగినట్టు ఒక్కసారి లోపలికి పోయి, వణుకుతూ పైకి వచ్చింది. సువర్చలకి గుండె దడ వచ్చింది. బిళ్ల పక్కన పెట్టలేదు. బొటనవేలు దాని మీద ఆనించి, తన ఊపిరి మాత్రం తను ఎప్పటిలా తీసుకుంటూ కూర్చుంది. మూడో నిమిషంలో ఆ వణుకు కాస్త నెమ్మదించడం తెలిసింది.

సరిగ్గా అప్పుడే యంత్రం సెషన్ ఆపేసింది.

నీరజాక్షి ఆ రోజే ఈ గ్రూపుని ఒక పరిశోధనగా పర్యవేక్షించే కమిటీకి జరిగినదంతా రాసి పంపింది. కమిటీ అధ్యక్షుడు ప్రొఫెసర్ ఇమ్మానుయేల్ నెమ్మదైన మనిషి. వారం తర్వాత ఆయన సభ్యులందరితో టైపు చేసి మాట్లాడాడు. ఫోన్ చేయనని ముందే మాట ఇచ్చాడు.

"డాక్టర్ గారు చేసింది తప్పు. ఆవిడే ఒప్పుకున్నారు. ఈ గ్రూపు ఉండాలా వద్దా అన్నది మీరు చెప్పండి" అని రాశాడు.

దయాకర్ అందరికన్నా ముందు జవాబిచ్చాడు. వెళ్లిపోయిన వారం రోజుల్లో అతను రెండుసార్లు ఆఫీసులో డ్రాయింగు తప్పుగా చూశాడట. "ఉండాలి. డాక్టర్ గారు కూడా ఉండాలి. ఇకమీద ఏడుపొస్తే ఏడుపు వచ్చిందని చెప్పాలి. నాకు అంతే కావాలి."

"ఉండటానికి ఒక చిక్కుంది" అన్నాడు ప్రొఫెసర్. "ఆవిడ ఊపిరి ఇప్పట్లో గైడ్‌కి పెట్టిన హద్దులోకి రాదు. ఇంకో గైడ్ కావాలి. నాలుగు నెలల రికార్డులు తీయించి చూశాను. అందరికన్నా నిలకడైన ఊపిరి సువర్చల గారిది. సువర్చల గారూ, మీరు గైడ్‌గా ఉంటారా?"

సువర్చల అడిగింది. "గైడ్ ఏం మాట్లాడాలి?"

"ఏమీ అక్కర్లేదు. ఊపిరి తీసుకోవాలి. నిజంగా అక్కడ ఉండాలి."

"అది ఇప్పుడూ చేస్తున్నాను. సరే."

నీరజాక్షిని సభ్యురాలిగా చేర్చుకోవడం దగ్గర పని మళ్లీ ఆగింది. సభ్యులకి ఆటిజం ఉన్నట్టు నిర్ధారణ పత్రం ఉండాలన్న నియమం ఆమె తన చేత్తోనే రాసింది. ఆమె దగ్గర ఆ పత్రం లేదు. వెతగ్గా వెతగ్గా ఫారంలో ఒక దారి దొరికింది. సభ్యులు కావాలంటే కుటుంబంలో ఒకరిని తోడుగా తెచ్చుకోవచ్చు. ఆ తోడు మనిషికి పత్రం అక్కర్లేదు, గైడ్ ఊపిరి హద్దులూ వర్తించవు.

సువర్చల ఆ ఫారం తెరిచింది. తోడు మనిషి పేరు దగ్గర నీరజాక్షి అని రాసింది. 'సభ్యురాలితో బంధుత్వం' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగింది. నాగరత్నం పక్కనే నిలబడి చూస్తోంది.

"స్నేహితురాలు అని రాయమ్మా" అంది.

"ఆవిడ ఎప్పుడూ అలా చెప్పలేదు వదినా. ఊహించి రాయకూడదు." ఇంకాసేపు ఆలోచించి, 'ప్రతిరోజూ ఆరున్నరకి' అని రాసింది. ఆ బంధుత్వాన్ని కమిటీ మారు మాట లేకుండా ఆమోదించింది.

కొత్త గైడ్‌తో మొదటి ఉదయం నీరజాక్షి తన ఫ్లాట్‌లో బిళ్ల పట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ పంపడమే తప్ప, ఒకరి ఊపిరి ఇలా నడుమకి రావడం ఆమెకి కొత్త. చీరాల నుంచి వచ్చే ఊపిరి ఓదార్చడానికి ప్రయత్నించలేదు. ఆమె ఏడ్చినప్పుడు తొందరపడలేదు, ఆగలేదు. అంచుల్లో ఏడుగురి ఊపిరి ఉంది. వాటిలో దయాకర్‌ది ఏదో ఆమెకి తెలియలేదు. ఇరవై నిమిషాలయ్యాక ఆమె టైపు చేసింది. "ఇవాళ నాకు ఏడుపొచ్చింది."

"తెలిసింది" అని దయాకర్ రాశాడు.

ఏడాది చివర రిపోర్టు అచ్చయింది. సభ్యుల నిద్ర మెరుగుపడిందని, ఆందోళన కొంత తగ్గిందని, యంత్రం ఉపయోగకరమని అందులో ఉంది. ఆ ఏడాది మొత్తం మీద అందరికన్నా ఎక్కువ మార్పు కనిపించిన ఊపిరి ఒకటుందని, అయితే ఆ వ్యక్తి కేవలం తోడుగా వచ్చారు కనుక ఆమె ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేదని చివరి పేజీలో ఒక చిన్న గమనిక. ఆ గమనిక రాసి, కింద సంతకం పెట్టింది డాక్టర్ నీరజాక్షి.