సీసాలో ఆవిరి

మా ఆవిడ పెంచిన గులాబీకి వేరుకుళ్ళు పట్టింది. పాత పెయింట్ డబ్బాలో బాల్కనీ మూలన ఉండేది ఆ మొక్క. ఆవిడ పోయాక నీళ్ళు నేనే పోశాను. ఎక్కువ పోశానో, తక్కువ పోశానో తెలియదు. మొదలు నల్లబడింది, కొమ్మలు ఒక్కొక్కటీ ఎండిపోయాయి. చివరికి ఒక్క చిగురు మిగిలింది.

నేను అద్దాలు బిగించేవాణ్ణి. ఆవిడ ఆ అద్దాల మీద దుకాణాల పేర్లు రాసేది. లోపలి వైపు నిలబడి అక్షరాలు తిరగేసి రాసేది, బయట నుంచి చూసేవాళ్ళకి సరిగ్గా కనబడేవి. అలా రాస్తే వానకి చెరగవు. నాకు చదువు చెప్పిందీ ఆవిడే. రాత్రి పని ముగిశాక మిగిలిపోయిన అద్దం ముక్క మీద "హా" అని ఊది, ఆ ఆవిరిలో వేలితో ఒక అక్షరం రాసేది. ఆరిపోయేలోగా నేను చదవాలి. చదవలేక బిక్కమొహం వేస్తే నవ్వేది.

"మీ బుర్ర కంటే ఈ అద్దం నయం. అవతల ఏముందో కనబడుతుంది."

గులాబీ ఆకుల మీదా అలాగే ఊదేది. ఊది, పాత గుడ్డతో తుడిచేది. అద్దాన్నీ ఆకునీ ఒకేలా చూసేది మనిషి.

ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆసుపత్రిలో అద్దాల గదిలో పెట్టారు. ఎవరూ లోపలికి వెళ్ళకూడదన్నారు. నేను ఇవతల నిలబడ్డాను. ఆ అద్దం ఎంత మందమో చూడగానే చెప్పగలను. రెండు పొరలది, చప్పుడు దాటదు. ఆవిడ మంచం దిగి అద్దం దగ్గరికి వచ్చి పెదాలు కదిలించింది. గోటితో అద్దం మీద కొట్టింది. ఏమీ వినబడలేదు. అప్పుడు అద్దం మీద ఊదింది. ఊపిరి చాలక ఆవిరి అర్ధరూపాయంత కూడా పట్టలేదు. అయినా వేలు ఎత్తింది. ఈలోగా నర్సు ఎవరో వచ్చి మంచం మీదికి తీసుకెళ్ళి తెర లాగేశారు.

ఆ తెర మళ్ళీ తియ్యలేదు. ఆవిడ ఏం రాయబోయిందో నాకు తెలియదు.

అందుకే ఆ చిగురు పోకూడదని పట్టుబట్టాను.

మా అమ్మాయి నాతోనే ఉంటుంది. దాని స్నేహితురాలు ఊరి చివర మొక్కల ల్యాబ్ నడుపుతుంది. మా ఇంట్లో ఆ అమ్మాయిని సీసాల పిల్ల అంటాం. ఇంట్లోనే టిష్యూ కల్చర్ చేసుకునే పెట్టె ఒకటి తెచ్చిచ్చింది. అందులో చిన్న సీసాలు, జున్నులా గడ్డకట్టే పొడి, బ్లేడు, పట్టకారు, చేతి తొడుగులు ఉన్నాయి.

"కొమ్మంతా రోగం పట్టింది బాబాయ్, చివరన ఉన్న మొన మాత్రం శుభ్రంగా ఉంది. గింజంత ముక్క కోసి సీసాలో పెడితే అదే మొక్కవుతుంది. కొత్త మొక్క అనుకోకండి. పాతదే, అచ్చంగా అదే."

"అచ్చంగా అదేనా?"

"అచ్చంగా అదే. ఒక్కటే జాగ్రత్త. గాలి తగలకూడదు. మూత తీశారా, బూజు పట్టి పోతుంది. దాని మీద ఊపిరి కూడా వదలకండి."

గాలి తగలకుండా లోపల కోసుకోవడానికి పెట్టెతో పాటు వచ్చిన ప్లాస్టిక్ డబ్బా నాకు నచ్చలేదు. చేతులు దూర్చడానికి రెండు కంతలు పెట్టి గాజుతో నేనే ఒక గూడు చేశాను. "ఏదైనా నువ్వు చేస్తేనే నీకు ఆనుతుంది" అంది అమ్మాయి. మూతికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి, చిగురు మొనని ముక్కలు చేసి సీసాల్లో నిలబెట్టాను.

చాలా వాటికి బూజు పట్టింది. రెండు మాత్రం బతికాయి. ఒకటి అమ్మాయి తీసుకెళ్ళి సీసాల పిల్లకి ఇచ్చింది. రెండోది నా గది కిటికీ పక్క బల్ల మీద పెట్టుకున్నాను. మెల్లగా ఆకుపచ్చ చుక్క కనబడింది. తర్వాత గోరంత ఆకు. డబ్బాలో మొక్క పూర్తిగా ఎండిపోయిన రోజు నేను ఏడవలేదు. సీసాలో ఉందిగా అనుకున్నాను.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. అమ్మాయి ఇంకా పని నుంచి రాలేదు. గదిలో తడి గోడల వాసన. కిటికీ మీద వాన చప్పుడు. నేను కుర్చీలో కూర్చుని సీసా వైపు చూస్తున్నాను.

సీసా లోపల ఆవిరి పట్టి ఉంది. అందులో వింతేమీ లేదు, చల్లబడితే పడుతుంది.

ఆవిరి పోయింది.

మళ్ళీ పట్టింది.

దగ్గరికి జరిగాను. గాజు తెల్లబడుతోంది... తేటపడుతోంది... తెల్లబడుతోంది. నాకు తెలియకుండానే నా ఊపిరి దాంతో కలిసింది. కాసేపటికి దాని వెంట నేను పోలేకపోయాను. అది పైపైన ఉంది, తొందరతొందరగా ఉంది. లోపలికి పీల్చినంత బయటికి రావడం లేదు. ఆ ఊపిరి నాకు తెలుసు. ఆవిడ ఇంట్లో ఉన్నన్నాళ్ళు రాత్రుళ్ళు దాని పక్కనే పడుకున్నాను.

టిక్.

వాన అనుకున్నాను.

టిక్... టిక్.

అద్దాన్ని బయట నుంచి కొడితే ఒక చప్పుడు, లోపల నుంచి కొడితే ఒక చప్పుడు. బతుకంతా విన్నవాణ్ణి. ఇది లోపలిది. గోటితో కొడుతున్న చప్పుడు.

గదిలో టర్పెంటైన్ వాసన వచ్చింది. ఆవిడ కుంచెలు కడిగే నూనె. ఇంట్లో ఆ సీసాలన్నీ అమ్మాయి ఎప్పుడో పారేసింది.

"నువ్వేనా?" అన్నాను.

చెవి సీసాకి ఆనించాను. చల్లగా ఉంది. లోపల ఎక్కడో, నూతి అడుగునుంచి వచ్చినట్టు...

"తియ్యండి."

మూత మీద చెయ్యి వేశాను. తీస్తే పోతుంది. ఆవిడ చేతి మొక్క, లోకంలో నాకు మిగిలిన ఒక్క ముక్క, నాలుగు రోజుల్లో బూజు అయిపోతుంది. తియ్యకపోతే...

"ఊపిరాడట్లేదు... తియ్యండి."

ఆ రోజు ఆసుపత్రిలో తియ్యనివ్వలేదు. ఈ రోజు అడ్డం ఎవరున్నారు?

తీశాను.

సన్నగా, పొడుగ్గా, ఒక్క ఊపిరి నా చెంప మీదుగా వెళ్ళింది. వెచ్చగా ఉంది. కిటికీ రెక్క దానంతట అదే కదిలి ఆగిపోయింది. వాసన పోయింది. సీసా తేటగా ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

అమ్మాయి వచ్చి దీపం వెలుతురులో మూత చూసింది.

"ఎందుకు తీశావు నాన్నా? ఇంట్లో అమ్మది ఇంక అదొక్కటే కదా."

"ఊపిరాడట్లేదంది."

అమ్మాయి నా పక్కన కూర్చుని తల నా భుజం మీద పెట్టింది. ఇద్దరం వాన వెలిసేదాకా అలాగే ఉన్నాం.

చెప్పినట్టే మొక్క బూజు పట్టి నల్లబడింది. సీసా కడిగి బోర్లించాను. గుండె ఖాళీ అయిపోయింది. కానీ ఎక్కడో కాస్త నిమ్మళం కూడా. ఇక ఆవిడకి ఆయాసం లేదు కదా అనుకున్నాను. రెండో సీసా సంగతి నిజంగానే మర్చిపోయాను.

సీసాల పిల్ల ఒక మధ్యాహ్నం నవ్వుకుంటూ వచ్చింది. "బాబాయ్, మీది పోయిందని దిగులుపడుతున్నారట. పదండి, మీకొకటి చూపించాలి."

ల్యాబ్‌లో పొడుగాటి వసారా. చివర తెల్లటి గది, వసారా వైపు గోడంతా అద్దం. రెండు పొరలది. లోపల నేల నుంచి కప్పుదాకా అరలు, అరల నిండా తెల్లటి లైట్లు, సీసాలు. ప్రతి సీసాలో గోరంత గులాబీ ఆకు.

"మీరిచ్చింది ఒక్కటే. పెరిగాక ముక్కలు చేశాను. ఆ ముక్కల్ని మళ్ళీ ముక్కలు చేశాను. ఇంత బాగా పెరిగే మొక్కని నేను చూడలేదు. రేపటి నుంచి ఊళ్ళకి పంపుతున్నాం. ఇంటికో సీసా."

నేను అద్దం దగ్గరికి జరిగాను.

"ఒక్కటే అర్థం కాదు బాబాయ్. ఏసీ ఎంత సరిచేసినా వీటికి ఆవిరి ఆగదు. అదిగో, చూడండి."

సీసాలన్నీ ఒక్కసారే తెల్లబడ్డాయి. ఒక్కసారే తేటపడ్డాయి. తొందరతొందరగా. పైపైన.

"తలుపు తియ్యమ్మా," అన్నాను.

"అయ్యో, లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. బయటి గాలి తగిలితే అన్నీ పోతాయి."

"పోనీ. తియ్యి."

ఆ పిల్ల నా ముఖం చూసి, నా చెయ్యి పట్టుకుంది. "మీకు ఒంట్లో బాలేనట్టుంది. ఇంటికి పోదాం పదండి."

రెండో అరచెయ్యి అద్దానికి ఆనించాను. సీసాలన్నీ ఆగిపోయాయి. తెల్లగా, కదలకుండా.

అప్పుడు నా కళ్ళ ఎదురుగా, పెద్ద అద్దానికి అవతలి వైపు, మనిషి లేని చోట, అర్ధరూపాయంత ఆవిరి పట్టింది. పెరిగింది. అరచేతంత అయింది. అందులో ఒక గీత మొదలైంది. నిదానంగా, అలవాటైన చేత్తో, తిరగేసి రాస్తోంది. ఇవతల ఉన్న నాకు సరిగ్గా కనబడాలని.

మొదటి అక్షరం సగం కూడా కాలేదు.

"వాటికి చీకటి వేళయింది బాబాయ్," అని సీసాల పిల్ల లోపలి లైట్లు ఆర్పేసింది.