మబ్బు బరువు

"ఇరవై ఒకటి," అన్నాడు నాన్న.

పిట్ట చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఇంట్లో అందరూ ఆమెను పిట్ట అనే పిలుస్తారు. ప్రతి సోమవారం స్కూలు నుంచి రాగానే గొర్రెపిల్లల బరువులు పలక మీద రాయడం ఆమె పని.

"పోయిన వారం ఇరవై రెండు కదా? అందరూ పెరుగుతుంటే వీడొక్కడే తగ్గుతున్నాడేంటి?" అంటూ నాన్న వంగి కాటా ముల్లును మళ్లీ చూశాడు.

కాటా మీద నిలబడ్డ పొట్టేలుపిల్ల మబ్బు, పిట్ట వేలు చీకుతున్నాడు. తల్లి గొర్రె దగ్గరికి రానివ్వకపోతే, పిట్టే సీసాతో పాలు పట్టి వాడిని పెంచింది.

ఇదివరకు ఈ కొట్టంలో కాటా లేదు. ఉన్ని కత్తిరించే మిషను ఉండేది. రెండేళ్లుగా ఉన్ని కొనేవాళ్లు రావడం లేదు. పక్క గదిలో మూటలు కప్పు దాకా పేరుకున్నాయి. చివరికి నాన్న కొత్త జాతి పొట్టేలును తెచ్చాడు. దానికి బొచ్చు తక్కువ, కండ ఎక్కువ. ఇక మీదట మన గొర్రెలు మాంసానికే అన్నాడు. ముప్పై కిలోలు దాటిన పొట్టేలుపిల్లలు లారీ ఎక్కుతాయి.

ఆ లెక్క తెలిసిన రోజు పిట్ట అన్నం ముట్టలేదు. మర్నాడు ఒక ఉపాయం తట్టింది. మబ్బు ముప్పై దాటకపోతే?

అప్పట్నుంచి దాణా పోసే వేళకు వాడిని మెల్లగా మూటల గదిలోకి తీసుకెళ్లేది. ఇద్దరూ ఉన్ని మూటల మీద కూర్చునేవాళ్లు. బకెట్టు చప్పుడు వినగానే మబ్బు చెవులు నిక్కించేవాడు. పిట్ట వాడి చెవులు మూసేది.

"జరగరా, నన్ను చూడనీ," అంటూ నాన్నను పక్కకు జరిపి కాటా దగ్గరికి వచ్చింది నానమ్మ. మబ్బు వీపు మీది బొచ్చులోకి వేళ్లు దూర్చింది. నలభై ఏళ్లు ఉన్నిని తడిమి చూసిన వేళ్లవి. "జబ్బూ లేదు గిబ్బూ లేదు. ఆకలి."

"ఆకలేంటమ్మా? తొట్టి నిండా పోస్తున్నాగా!"

నానమ్మ పిట్ట దగ్గరికొచ్చింది. గౌనుకు అంటుకున్న ఉన్ని పోగు తీసి, మూటల గది వైపు చూసింది.

అంతలో మబ్బు కాటా దిగబోయాడు. ముందు కాళ్లు మడతపడి కూలబడ్డాడు. ఎలాగో లేచి, తిన్నగా పిట్ట దగ్గరికే వచ్చి, వేలి కోసం మూతి చాచాడు.

పిట్ట పలక కింద పెట్టింది. "నేనే నాన్నా... దాణా టైముకి దాచేస్తున్నా. బరువు పెరగకుండా."

నాన్న కోప్పడలేదు. ఉన్నపళంగా కాటా మీద చతికిలబడ్డాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"దిగరా నాయనా, నిన్నెవరూ కొనరు," అంది నానమ్మ.

నాన్నకు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "వాణ్ణి తూచినప్పుడల్లా నేనూ అనుకుంటా పిట్టా, ముప్పైకి ఇంకా టైముందిలే అని."

"ముప్పై దాటితే వాడు కూడా వెళ్లిపోతాడా?"

కాదని ఒక్క మాట చెబితే ఆ పూటకు సరిపోయేది. నాన్న ఆ మాట చెప్పలేదు. "వెళ్తాడమ్మా," అన్నాడు.

పిట్ట మొహం తిప్పుకుంది. చెవులు మూసినప్పుడు మబ్బు ఒక్కసారి కూడా విదిలించుకోలేదు. ఆ చేతులు పిట్టవి కాబట్టి.

సాయంత్రం బకెట్టు చప్పుడైంది. మబ్బు అలవాటుగా మూటల గది తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. పిట్ట ఆ తలుపుకు గొళ్లెం పెట్టింది. మిగతా గొర్రెపిల్లల్ని మోచేత్తో నెట్టి, తొట్టి దగ్గర చోటు చేసింది.

"అక్కడ కాదురా. ఇక్కడ."

వాడు తలెత్తి ఆమె వేలి కోసం చూశాడు. పిట్ట చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తిను."

వాడు తొట్టి అడుగు నాకేదాకా అక్కడే నిలబడింది.

మరుసటి సోమవారం నాన్న కాటా వైపు చూసి, గొంతు తగ్గించి, "ఇరవై మూడు," అన్నాడు.

పిట్ట రెండంకెలూ వంకర పోకుండా రాసింది. తర్వాత సుద్దముక్క జేబులో వేసుకుని, బకెట్టు అందుకుంది.