బంకులో గంట మోగితే

మా ఊరి నుంచి సరస్సుకు పోయే రోడ్డు చివర మూతబడిన పెట్రోలు బంకు ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. రెండు పాత పంపులు, వాటి ముందు నేల మీద పరిచిన నల్లటి రబ్బరు గొట్టం... ఆ గొట్టం మీదికి చక్రం ఎక్కితే లోపల గంట మోగుతుంది. గంట మోగితే కుంటివాడు బయటికొస్తాడు.

కొరియా యుద్ధంలో కాలు దెబ్బతిని వచ్చి ఆ బంకు నడిపినవాడు. ఒక వానరాత్రి గంట విని పరుగెత్తుకొస్తూ జారిపడ్డాడు, తల పంపుకి కొట్టుకుంది, అక్కడే పోయాడు — ఇదీ కథ. వేసవిలో ప్రతి శుక్రవారం పాత కార్ల ఊరేగింపు చర్చి దగ్గర బయల్దేరి ఆ బంకు దాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఎంతటి మొనగాడైనా సరే, గొట్టానికి బారెడు ఇవతలే బండి తిప్పేస్తాడు.

పోయిన జూలైలో డ్వేన్ అనే ఆయన వచ్చాడు. అరవై అయిదేళ్ళుంటాయి. భార్య జోన్, కొడుకు, కోడలు, పిల్లలతో సరస్సు పక్కన వారానికని ఇల్లు తీసుకున్నారు. తన చేత్తో బాగుచేసుకున్న లేతనీలం షెవర్లే, యాభై ఏడు నాటిది, అయోవా రాష్ట్రం నుంచి నడుపుకుంటూ తెచ్చుకున్నాడు. ఊరేగింపు రోజున నేను మా హోటల్ ముందు బల్ల వేసి చేపల వేపుడు అమ్ముతాను. ఆయన కాగితపు పళ్ళెం పట్టుకుని, తింటూ అడిగాడు.

"బంకు దాకా వెళ్ళి అందరూ వెనక్కి తిప్పేస్తారేంటమ్మా?"

కొత్తవాళ్ళు దొరికితే నా నోరు ఊరుకోదు. కుంటివాడి కథ ఉప్పూకారం దట్టించి మరీ చెప్పాను.

"ఆయన... నిజంగానే పోయాడా?" అన్నాడు చిన్నగా.

"పోకపోతే దెయ్యం ఎలా అవుతాడండీ?"

ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. చేపముక్క కొరికింది కొరికినట్టే ఉంది. పాపం, పిరికి మనిషి కాబోలని లోపల నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత జరిగింది మర్నాడు ఆయన చెబితే విన్నాను.

ఊరేగింపు అయిపోయింది. కార్లన్నీ ఎవరి దారిన అవి వెళ్ళాయి. డ్వేన్ మాత్రం జోన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ బంకు వైపు తిప్పాడు.

"ఇల్లు ఇటు కాదుగా," అందావిడ.

"తెలుసు. జోన్... నీకెప్పుడూ చెప్పలేదు..." అని, అక్కడితో ఆగిపోయాడు.

బండి మెల్లగా గొట్టం మీదికి ఎక్కించాడు. ముందు చక్రాలు — టింగ్. వెనక చక్రాలు — టింగ్.

ఏమీ లేదు... కీచురాళ్ళ రొద తప్ప.

అప్పుడు లోపల దీపం వెలిగింది.

తలుపు కిర్రుమంది. ఒక అడుగు... ఒక ఈడ్పు. ఒక అడుగు... ఒక ఈడ్పు. కారు లైట్ల వెలుగులోకి తెల్లబట్టల ముసలివాడు వచ్చాడు. చేతిలో గుడ్డపీలిక. దాంతో కారు అద్దాన్ని నింపాదిగా తుడిచాడు. వంగి లోపలికి చూశాడు.

"ఎంత పొయ్యమంటారు?"

జోన్ కెవ్వుమంది. డ్వేన్ బండిని ఒక్కసారిగా వెనక్కి లాగాడు — టింగ్... టింగ్ — ఇంటికి చేరిందాకా ఆ గంట చెవిలో మోగుతూనే ఉందట.

పొద్దున ఆరింటికి నేను హోటల్ తెరవడానికి వచ్చేసరికి మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. లోపలికి పిలిచి కాఫీ పోశాను. తాగలేదు.

"ఆయన్ని చంపింది నేనేనమ్మా," అన్నాడు.

పదిహేనేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఇదే సరస్సుకు సెలవులకొచ్చాడట. వానరాత్రి, ఏమీ తోచక గొట్టం మీద గెంతి చీకట్లో దాక్కున్నాడు. కుంటుతూ బంకాయన వచ్చాడు, అటూ ఇటూ చూసి వెళ్ళాడు. ఈయన మళ్ళీ గెంతాడు. ఆయన మళ్ళీ వచ్చాడు. మూడోసారి, బండి వెళ్ళిపోతుందేమోనని ఆయన పరుగెత్తుకొచ్చి పడిపోయాడు. లేవలేదు. నెత్తురు చూసి ఈయన పారిపోయాడు. తెల్లారి ఊరు వదిలారు. యాభై ఏళ్ళు ఎవర్నీ అడగలేదు, కట్టుకున్న భార్యకైనా చెప్పలేదు.

"బతికాడేమోనని కాస్త ఆశ ఉండేది. మొన్నటిదాకా... అదే, నిన్న మీరు చెప్పేదాకా. దెయ్యమైనా సరే, క్షమించమని అడుగుదామని వెళ్ళాను. తీరా ఎదురుగా వచ్చేసరికి మళ్ళీ పారిపోయాను. అప్పుడంటే కుర్రతనం. ఇప్పుడేమనుకోవాలి? సిగ్గేస్తోందమ్మా."

ఎదురు కుర్చీలో కూలబడ్డాను.

ఆ కుంటివాడు మా నాన్న. పేరు ఆర్విడ్, వయసు తొంభై ఒకటి. ఆ రాత్రి తలకి తొమ్మిది కుట్లు పడ్డాయి, అంతే. గంట మోగించిందెవరో మాకు తెలియనే లేదు. బంకు వెనక గదుల్లోనే మేమిద్దరం ఉంటాం. ఇప్పుడాయనకి ఒక్కోరోజు నేనెవరో కూడా గుర్తుండదు గానీ, గంట వింటే మాత్రం మంచం దిగేస్తాడు. అది కనిపెట్టి ఊరి ఆకతాయిలు రోజూ గొట్టం తొక్కేవాళ్ళు. గొట్టం తీసేస్తానంటే నాన్న చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అందుకని ఈ కథ నేనే పుట్టించాను. కన్నతండ్రిని బతికుండగానే దెయ్యాన్ని చేశాను. ఊళ్ళో పెద్దవాళ్ళకి నిజం తెలుసు, నా అవస్థ చూసి నోరు మెదపరు. కథ బాగా పనిచేసింది — ఆకతాయిలతో పాటు, పలకరించడానికి వచ్చేవాళ్ళూ తగ్గిపోయారు.

ఆ ముందు రాత్రి బల్ల సర్దుకుని ఇంటికెళ్ళేసరికి నాన్న పంపు పక్కన నిలబడి ఉన్నాడు, నిద్రబట్టలతో, చేతిలో గుడ్డతో. మతిలేక లేచొచ్చాడనుకుని కసిరాను. ఆయన తల దించుకున్నాడు.

"ఆలస్యం చేశానే అమ్మాయ్. ఇదివరకటిలా నడవలేకపోతున్నా. పాపం ఎంతసేపు చూశారో... వెళ్ళిపోయారు."

ఇదంతా డ్వేన్‌కి చెప్పాను. ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. నేనూ ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను.

తర్వాత లేచి వెళ్ళి కారెక్కాడు. అయోవా దారి పడతాడనే అనుకున్నాను. నీలం కారు సరస్సు వైపు తిరిగింది. హోటల్ అలాగే వదిలేసి వెనకాలే నా బండి తీశాను.

టింగ్. టింగ్.

ఇంజను ఆపేశాడు. దిగి, టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. ఒక అడుగు... ఒక ఈడ్పు. ఒక అడుగు... ఒక ఈడ్పు. డ్వేన్ కదల్లేదు.

నాన్న ఆయాసపడుతూ దగ్గరికొచ్చాడు. డ్వేన్ నోరు తెరవబోయాడు. ఈలోగా నాన్నే అన్నాడు —

"ఆలస్యమైంది బాబూ. క్షమించు."