ఎర్ర దుమ్ము

"గోడకవతల మనిషి దగ్గుతున్నంతసేపూ మిషన్ సేఫ్, ఆలిస్. సాయంత్రం ఎస్కార్ట్ వచ్చేదాకా ఆ దగ్గు ఆగకూడదు." చీఫ్ జ్ఞానశేఖర్ ఫోన్ పెట్టేశాడు.

ఆ దగ్గు ఇంజనీర్ జీవరాజుది. మిసైల్ కోడ్‌లు కొనే విదేశీ ముఠా 'బ్లాక్ ఫాల్కన్'ను కళ్లారా చూసి బతికున్న ఏకైక సాక్షి. అతన్ని సీతాఫల్‌మండిలో ఓ ఫ్లాట్‌లో దాచారు. పక్క ఫ్లాట్‌లో ఏజెంట్ ఆలిస్ కాపలా. వేషం గృహిణిది. వేషమన్నాక చపాతీ పిండి కలపక తప్పదు. కలుపుతోంది.

తలుపు చప్పుడైంది.

"మోండా మార్కెట్‌ల నిమ్మకాయలెట్లున్నయ్?"

"రసం ఉన్నవి అయిపోయాయి."

కోడ్ సరిపోయింది. లోపలికొచ్చింది ఏజెంట్ ఎమిలీ. సిల్క్ చీర, ఎర్రటి గోళ్లు, చేతిలో కార్డ్‌లెస్ డ్రిల్లు, చంకలో కర్టెన్ రాడ్లు, గుడ్డలు.

"ఎదుటి బిల్డింగ్‌కెల్లి లోపలంతా కనబడుతదంట. చీఫ్ పంపిండు. జెర కర్టెన్ రాడ్లు బిగించి పోతా."

"కరెంటు లేదుగా?"

"బ్యాటరీదే తల్లీ! నీ చపాతీలు నువ్ చూస్కో."

బెడ్‌రూమ్‌లో డ్రిల్లు మొదలైంది. కిటికీ మీద లింటెల్ కాంక్రీట్ దూలం కదా, బిట్టు దిగనంటూ గీపెట్టింది. కాసేపటికి దాని గొంతు మారింది. గుర్రుమంటూ, మెత్తగా, అదేపనిగా దిగుతోంది. పిండిలో ఆలిస్ చెయ్యి ఆగింది. గోడకవతల జీవరాజు దగ్గాడు. చెయ్యి మళ్లీ కదిలింది.

ఎమిలీ బయటికొచ్చింది. "చీపురెక్కడుందే?"

ఆలిస్ పిండి మీంచి తలెత్తింది. ఈ ఊళ్లో గోడకు కన్నం పెట్టినవాళ్లెవరైనా చీపురడిగారా? అందులోనూ ఎమిలీ! ఆఫీసులో తాగిన టీ కప్పు కడిగిన పాపాన పోలేదు.

"తలుపు వెనక," అంది మామూలుగా.

ఎమిలీ దుమ్మంతా ఊడ్చి, పేపర్లో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేసింది. "జెర లిప్‌స్టిక్ సరిచేస్కొని వస్తా," అంటూ బెడ్‌రూమ్ తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆలిస్ పొట్లం విప్పింది. పైన బూడిద రంగు దుమ్ము. కింద ఎర్రటి ఇటుక పొడి.

లింటెల్‌లో ఇటుక ఎక్కడిది? ఇటుక ఉన్నది గోడలో. ఆ గోడకవతలే జీవరాజు మంచం.

పిండిముద్ద చేతిలో ఉండగానే తలుపు తోసింది. గోడకుండాల్సిన బైబిల్ వాక్యాల క్యాలెండర్ నేల మీదుంది. దాని చోట కన్నం, కన్నంలో సన్నటి ట్యూబు, ట్యూబు చివర లిప్‌స్టిక్. ఎమిలీ వేళ్లు దాని మూత తిప్పుతున్నాయి.

"లిప్‌స్టిక్ గోడక్కూడా వేస్తున్నావేంటే?"

"నిద్రమందే. తక్లీఫ్ ఏం ఉండదు."

"మెలకువ కూడా ఉండదా?"

ఎమిలీ డ్రిల్లు ఎత్తి ఆలిస్ గొంతుకి గురిపెట్టింది. ట్రిగ్గర్ నొక్కింది. బిట్టు ఒక్క చుట్టు తిరిగి, నిట్టూర్చి ఆగిపోయింది. లింటెల్‌తో పాటు గోడ కూడా తొలిచాక బ్యాటరీలో ఇంకేం మిగులుతుంది?

"నీ యవ్వ!" ఎమిలీ మూత చివరి చుట్టు తిప్పేసింది. ఆలిస్ ఊపిరి బిగబట్టి ట్యూబు లాగేసింది. సుయ్‌మన్న లిప్‌స్టిక్‌ను పిండిముద్దలో కుక్కి పిసికేసింది. మరుక్షణం ఎమిలీ రెండు చేతులూ కర్టెన్ గుడ్డలో బందీ.

గోడకవతల నిశ్శబ్దం.

ఆలిస్ కన్నానికి చెవి ఆనించింది. రవ్వంత గ్యాస్ అవతలికి వెళ్లినా...

ఖళ్లుఖళ్లున దగ్గు! ఇంత కమ్మటి దగ్గు ఆమె జన్మలో వినలేదు.

కరెంటొచ్చింది. చీఫ్‌కి ఫోన్ కలిపి జరిగిందంతా చెప్పింది.

"శభాష్ ఆలిస్! జీప్ పంపిస్తున్నా."

ఆలిస్ తలెత్తి కిటికీ మీద రాడ్ చూసింది. ద్రోహి బిగించినా వెంట్రుకవాసి వంకర లేదు.

"కాస్త మెల్లగా రమ్మనండి సార్. బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టాను. హాల్లో రాడ్ ఇంకా మిగిలే ఉంది."