ఇంచన్‌లో దిగి గింపోలో ఎక్కాలి

"మనిషి ఇంచన్ విమానాశ్రయంలో దిగుతుంది. గింపో విమానాశ్రయంలో జేజూ విమానం ఎక్కించాలి. మధ్యలో సియోల్ ట్రాఫిక్, శత్రు గూఢచారులు. ముందు ఏది అడ్డొస్తుందో నేను చెప్పలేను," అన్నాడు చీఫ్.

"హెలికాప్టర్ ఇవ్వొచ్చుగా సార్?" అడిగాడు ఏజెంట్ మిన్ టేగ్యు.

"ఇస్తే వాళ్ళ కళ్ళు పడతాయి. జేజూ దీవిలో ఓ సముద్ర గుహలో వాళ్ళ జలాంతర్గామి నక్కి ఉంది. సాయంత్రం పోటు రాగానే మన నౌకాదళ రహస్యాలతో జారుకుంటుంది. ఆ గుహ చూసింది కో మల్‌సుక్ ఒక్కతే."

మల్‌సుక్ డెబ్బై దాటిన జేజూ మనిషి. సముద్రం అడుగుకి మునిగి గుల్లలు ఏరడం ఆమె బతుకు. శత్రువులు గుహ దగ్గర పట్టుకుని ఓడలో ఎత్తుకుపోతే, తప్పించుకుని ఇప్పుడు విమానంలో తిరిగొస్తోంది.

ఇంచన్‌లో టేగ్యు ఆమె పక్కకు చేరి కోడ్ పలికాడు. "అవ్వా, చేపకి ఉప్పు సరిపోయిందా?"

"వండింది మీ ఆవిడ కాదుగా, సరిపోయింది. పద!"

కారు నడుపుతున్నది ఏజెన్సీ అందగత్తె హా రియన్. ముఖానికి మాస్కు. జలుబుతో గొంతు పోయిందని సైగ చేసింది.

గింపో బోర్డు కనిపించే దూరంలో ట్రాఫిక్ బిగుసుకుపోయింది. అటు లారీ, ఇటు బస్సు. తలుపు బెత్తెడు కూడా తెరుచుకోదు. టేగ్యు చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

వెనక బండి వచ్చి గుద్దింది.

"కళ్ళు కనపడట్లేదా, వెధవా!" రియన్ నోరు జారింది.

మల్‌సుక్ టేగ్యు చెయ్యి పట్టుకుంది. "అబ్బాయ్, ఈ గొంతు నేను ఆ ఓడలో విన్నాను."

రియన్ అద్దంలోంచి నవ్వింది. "వినకుండా ఉండాల్సింది, అవ్వా."

స్టీరింగ్ కింద మీట నొక్కింది. తాళాలు పడ్డాయి. ఏసీలోంచి తియ్యటి వాసన. మత్తు వాయువు! ఆమెది జలుబు మాస్కు కాదు.

టేగ్యు అద్దాన్ని మోచేత్తో గుద్దాడు. బుల్లెట్‌ప్రూఫ్. చుట్టూ వందలమంది, ఒక్కరికీ వినపడదు. కాళ్ళూ చేతులూ మాట వినడం మానేశాయి. మసకబారుతున్న చూపుతో పక్కకు చూశాడు. ముసలామె బుగ్గలు బిగించి కూర్చుంది. ఊపిరి పీల్చడం లేదు!

ఆ ముసలి చేతులు ముందుకు దూకి రియన్ మాస్కు లాగేశాయి. రియన్ పెనుగులాడింది, ఆయాసంతో గుండెనిండా పీల్చింది, స్టీరింగ్ మీద వాలిపోయింది. మల్‌సుక్ తడుముకుంటూ పైకప్పు అద్దం తెరిచింది. చల్లగాలి. తర్వాత టేగ్యు చెంపలు రెండూ వాయించింది.

"లే నాయనా! విమానం నీ నిద్ర తీరేదాకా ఆగుతుందా?"

కప్పులోంచి పాకి, కార్ల మీదుగా దిగి పరుగెత్తారు. గింపోలో విమానం గేటు మూస్తున్న అమ్మాయి చేతి కిందనుంచి దూరారు.

జేజూలో పోటు రాకముందే నౌకాదళం గుహ ముఖద్వారానికి అడ్డం నిలిచింది. చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్! ఆ రియన్ పారిపోలేదు కదా?"

"ఆ ట్రాఫిక్‌లోంచా సార్?" అన్నాడు టేగ్యు.