మూడు నోళ్ళ బొమ్మలు

"ఈ బొమ్మలు నాకొద్దు! అమ్మ బొమ్మలు అసలు మాట్లాడవు! నాన్నవే పెట్టండి!"

రిమోటు ఎగిరివెళ్ళి గోడకు తగిలింది. కూతురి అరుపుకు ఆమె చేతిలోని పెన్సిలు ఆగిపోయింది. నిరుడు ఇదే పిల్ల, తను గీసిన కార్టూన్ చూస్తూ, అందులోని అమ్మాయి కళ్ళలో నీళ్ళు నిండగానే తానూ వెక్కివెక్కి ఏడ్చి, ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ పెట్టమనేది. ఇప్పుడేమైంది దీనికి?

భార్యాభర్తలిద్దరిదీ ఒకటే వృత్తి, దారులు మాత్రం వేరు. ఆయనది అమెరికా పద్ధతి. ముందు నటుల గొంతులు రికార్డు చేయించి, బల్ల మీది అద్దంలో తన నోరే చూసుకుంటూ, ఏ మాటకు పెదవులెలా తిరుగుతాయో అచ్చం అలాగే గీస్తాడు. ఆయన బొమ్మల్లో ఒళ్ళంతా కదులుతుంది, సాగుతుంది, నొక్కుకుపోతుంది. ఆమె నేర్చుకున్నది జపాన్ పద్ధతి. నోటికి మూడే బొమ్మలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. గొంతు తర్వాత కలుపుతారు. మనిషి కదలకుండా నిలబడి ఉంటే, జుట్టు ఒక్కటే గాలికి ఊగుతుంది. మనసులోని బాధంతా ఆ పెద్ద పెద్ద కళ్ళలోనే!

"చూశావా, మీ జపాను ఓడిపోయింది!" భర్త నవ్వుతూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"పిల్లనేమంటావులే," అత్తగారు అందుకుంది. "గుడ్లు మిటకరిస్తూ స్తంభాల్లా నిలబడే బొమ్మల్ని ఎంతసేపని చూస్తుంది? అయినా దానికీ మధ్య పొగరెక్కువైంది. గొంతు చించుకుని పిలిచినా పలకదు. అచ్చం తల్లి పోలికే!"

ఆమధ్య పిల్లకు గట్టి జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమె మనసులో ఏదో గుబులు. నాన్నమ్మ చేత వసపిట్ట అనిపించుకున్న పిల్ల, ఇప్పుడు ఎవరైనా నోరు విప్పితే చాలు, ఆ మొహం వంకే కళ్ళార్పకుండా చూస్తుంది. బడిలో పరధ్యానం అంటున్నారు...

ఇంతలో ఫోను మోగింది. అత్తగారు టీవీ సౌండు పూర్తిగా తీసేసి, ఫోనులో కబుర్లలో పడింది. ఆమె కంచాలు సర్దడానికి వచ్చింది. తెర మీద భర్త గీసిన ఎలుగుబంటి వంటవాడు చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు... "నా గరిటె మింగిందెవరు?"

పిల్ల పకపకా నవ్వింది!

ఆమె చేతిలోని స్టీలు కంచాలు జారి గచ్చు మీద ఖంగుమని పడ్డాయి. అత్తగారు ఉలిక్కిపడి, "నా గుండె ఆగిపోయిందే!" అని కేకేసింది.

పిల్ల తల తిప్పలేదు.

ఆమె పరుగున భర్త గదిలోకి వెళ్ళింది. "ఏమండీ... పాపకు వినబడట్లేదండీ!"

"పిచ్చి మాటలు! పొద్దున నాతో బోలెడు కబుర్లు చెప్పింది."

"మీకెదురుగా కూర్చుని చెప్పింది! మీ నోరు చూస్తూ చెప్పింది! మీ బొమ్మల నోళ్ళు అంత బాగా కదులుతాయి గనక అవి మాట్లాడుతున్నాయంటోంది... నా బొమ్మల్లో ఆ పిల్లకు అందేదేముంది?"

ఆయన చూపు బల్ల మీది అద్దం మీద పడింది. మొహం పాలిపోయింది. వెళ్ళి కూతురి వెనక నిలబడి మెల్లగా పిలిచాడు. గట్టిగా పిలిచాడు. పుట్టినప్పటి నుంచి పెట్టిన ముద్దుపేర్లన్నిటితో పిలిచాడు. పిల్ల తెర వైపే చూస్తూ ఉంది. "నా పనితనం చూసి మురిసిపోయాను... పిల్లను చూడలేదు," అన్నాడు.

"పొగరన్నానే... నా వసపిట్టను పొగరన్నానే!" అత్తగారు చతికిలబడిపోయింది.

తల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. అరచేత్తో నోరు మూసుకుంది. అప్పుడే పిల్ల ఇటు తిరిగింది.

"ఏమైందమ్మా? చెయ్యి తియ్యి... చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఏమంటున్నావో నాకు తెలీదు!"

ఆమె చెయ్యి తీసేసింది. కూతురి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, భర్త అద్దం ముందు చేసినట్టే, ఒక్కో మాటకూ పెదవులు నిదానంగా కదిలించింది. "ఏం లేదు తల్లీ... రేపు డాక్టరు గారికి చూపిద్దాం. భయం లేదు."

పిల్ల ఆ నోటినే చూసింది. తర్వాత చూపు పైకెత్తి, తల్లి కళ్ళను చాలాసేపు చూసింది.

"నీ నోరు భయం లేదంటోందమ్మా. కళ్ళేమో ఉందంటున్నాయి. ఏది నిజం?"

అబద్ధం చెప్పాలనుకుంది. ఆ చూపు ముందు చెప్పలేకపోయింది.

"కళ్ళే నిజం. నాకు చాలా భయంగా ఉంది, బంగారూ..."

పిల్ల వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

"నాకూ అమ్మా," అంది. "ఎప్పట్నుంచో."