దిల్‌నుమా పచ్చదీపం

"ఇది జబ్బా? ప్రతి నమాజు తర్వాతా చావును తలుచుకుంటాను. మా నాన్నా తలుచుకున్నాడు, మా తాతా తలుచుకున్నాడు. పట్టుకుపోండిరా, ముగ్గుర్నీ పట్టుకుపోండి!"

గడియారాలు బాగుచేసే ఖలీల్ చాచా స్ట్రెచర్ మీంచి అరుస్తుంటే పాతబస్తీలోని ఆ గల్లీ మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. గల్లీ మొదట్లో ఒక గాజుగది. అందులో ఎర్రదీపం నెత్తుటిచుక్కలా వెలుగుతోంది.

ఆ గదిలోని యంత్రం పేరు దిల్‌నుమా. అరచెయ్యి గాజుపలక మీద పెడితే చాలు, మెత్తటి గొంతుతో ప్రశ్నలు అడుగుతుంది. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, చావు గుర్తొస్తోందా అని. జవాబులోని మాటలూ, గొంతులోని వణుకూ, నాడీ కలిపి చూసి డిప్రెషన్ ఎంతుందో స్కోరు వేస్తుంది. పచ్చదీపమైతే క్షేమం. ఎర్రదీపమైతే అంబులెన్స్ దానంతటదే వచ్చేస్తుంది. తెలుగులో అది ఎందరినో కాపాడింది. ఇప్పుడు ఉర్దూ వంతు.

ప్రశ్నల్ని ఉర్దూలోకి మార్చింది తస్నీమ్. ఈ పనికి ఒప్పుకున్నది తన అక్క రఫియా కోసమే. భర్త పోయాక రఫియా నవ్వడం మానేసింది. ఎగిరిపోయిన పావురం కోసం చూస్తున్నట్టు కిటికీలోంచి ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటుంది. అక్క గుండెలోని మాట అర్థమయ్యే యంత్రం ఒకటుంటే, అక్క మళ్ళీ నవ్వుతుంది. అదీ తస్నీమ్ కల.

"చాచాకి ఏ జబ్బూ లేదు డాక్టర్ గారూ," అంది తస్నీమ్ ఆ రోజే. "జమ్‌జమ్ నీళ్ళలో తడిపిన కఫన్ గుడ్డ కూడా మక్కా నుంచి తెచ్చి పెట్టెలో దాచుకున్నాడు. చచ్చాక చుట్టడానికి. మా పెద్దవాళ్ళు చాలామంది దాచుకుంటారు. అది భక్తి. చావు మాట అల్లా పేరుతో కలిసి వస్తే స్కోరు సున్నా చెయ్యండి."

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ సుధామయి పెన్ను నములుతూ ఆలోచించింది. "మరి నిజంగా చావాలనుకునేవాళ్ళు కూడా అదే మాట అంటే?"

"మావాళ్ళ గొంతు నాకు తెలీదా?"

సున్నా చేశారు.

ఇక వాలిడేషన్. అంటే ఏమీ లేదు. యంత్రం అడిగాక, అదే మనిషితో తస్నీమ్ తెర వెనక విడిగా మాట్లాడాలి. దీపం రంగు చూడకుండా తన తీర్పు చెప్పాలి. ఇద్దరి తీర్పూ కలిస్తే యంత్రం నమ్మదగ్గదన్నమాట.

బతిమాలి బతిమాలి అక్కని తీసుకొచ్చింది. యంత్రం అడగడం అయ్యాక తెర వెనక కూర్చోబెట్టి తను మొదలుపెట్టింది.

"ఎలా ఉన్నావ్ ఆపా?"

"ఇంట్లో ఒక్కరోజైనా అడిగావటే? ఇక్కడ జీతమిస్తున్నారని అడుగుతున్నావు."

"అబ్బా, చెప్పు ఆపా! చావు గుర్తొస్తోందా?"

"వస్తుంది. అల్లా ఎప్పుడు పిలిస్తే అప్పుడు. నాకూ ఒక కఫన్ తెప్పించుకున్నాలే. నిన్న పెట్టెలోంచి తీసి ఎండలో ఆరేశాను."

అని రఫియా నవ్వింది. ఎన్నాళ్ళకో! మబ్బు చాటునుంచి చంద్రుడు వచ్చినట్టుంది ఆ నవ్వు. తస్నీమ్ కరిగిపోయింది. "క్షేమం" అని తీర్పు చెప్పింది.

బయట అప్పటికే పచ్చదీపం వెలుగుతోంది.

అల్లా పిలవకముందే రఫియా తనంతట తానే వెళ్ళిపోయింది. ఎండలో ఆరిన ఆ గుడ్డలోనే ఆమెను ఖబరస్తాన్‌కి మోశారు.

ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో తస్నీమ్ ల్యాబ్‌కి వచ్చింది. "మా ఆపా విషయంలో యంత్రం తప్పిందని రాయండి డాక్టర్ గారూ."

డాక్టర్ తల ఎత్తలేదు. "యంత్రం క్షేమం అంది. నువ్వూ క్షేమం అన్నావు. లెక్కలో అది సరిపోయినట్టేనమ్మా."

"చచ్చిపోయింది కదా!"

"లెక్క ఆ ప్రశ్న అడగదు."

దిల్‌నుమాకి అనుమతి వచ్చింది. పాతబస్తీ అంతా గాజుగదులు మొలిచాయి. వాటిముందు ఆడవాళ్ళు బారులు తీరారు, ఒకరి తర్వాత ఒకరికి పచ్చదీపమే. దారిలో కనబడిన తస్నీమ్ తల మీద ఖలీల్ చాచా చెయ్యి వేశాడు.

"అంతా నీ చలవే బేటీ. మన గల్లీకి అంబులెన్స్ రావడమే మానేసింది."